మూడింట్లోనూ నాలుగో స్థానమే, చేతికి మాత్రం కంచు: అకియో నొగుచి లెక్క

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. టోక్యో ఒలింపిక్స్ క్లైంబింగ్‌లో అకియో నొగుచి మూడు విభాగాల్లోనూ నాలుగో స్థానంలోనే నిలిచింది కదా, మరి కంచు పతకం ఎలా ఇచ్చారన్నది ఒకటి. ఒక్కసారి కూడా ప్రపంచ చాంపియన్ కాని మనిషిని జపాన్ వాళ్లు అంతలా నెత్తిన ఎందుకు పెట్టుకుంటారన్నది రెండోది. మీ అమ్మాయికి పదకొండేళ్లు నిండాయి, ఇప్పుడు మొదలుపెడితే ఆలస్యమా అన్నది మూడోది. మూడోదాన్ని చివరికి ఉంచుతాను. ముందు లెక్క తేల్చుకుందాం, ఎందుకంటే ఆ లెక్క అర్థమైతే రెండో ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

నా గురించి ఒక్క మాట. పన్నెండేళ్లుగా హైదరాబాద్‌లో పిల్లలకి క్లైంబింగ్ నేర్పుతున్నాను, గోడల మీద రూట్లు, అంటే ఎక్కే దారులు, కడుతుంటాను. అంతకు ముందు ఉద్యోగం మీద జపాన్‌లో ఇబరాకి అనే చోట ఆరేళ్లు ఉన్నాను. నొగుచిది కూడా ఇబరాకియే. ఆవిడతో పరిచయం ఉందని కాదు, అక్కడి జిమ్‌లలో చెమట కారుస్తూ ఆవిడ పేరు వింటూ గడిపాను, అంతే.

ఇక లెక్క. క్లైంబింగ్ ఒలింపిక్స్‌లో అడుగుపెట్టిందే టోక్యోలో. 2020లో జరగాల్సింది కరోనా వల్ల 2021కి వెళ్లింది. ఒలింపిక్ కమిటీ మగవాళ్లకి ఒక పతకాల సెట్టు, ఆడవాళ్లకి ఒక సెట్టు మాత్రమే ఇచ్చింది. కానీ క్లైంబింగ్ అంటే ఒక ఆట కాదు, మూడు. స్పీడ్‌లో పదిహేను మీటర్ల గోడ, ప్రపంచంలో ఎక్కడికెళ్లినా అదే రూట్, ఇద్దరు పక్కపక్కన ఎక్కుతారు, పైన మీట ముందు కొట్టినవాళ్లు గెలుస్తారు. బౌల్డరింగ్‌లో నాలుగున్నర మీటర్ల గోడ, తాడు ఉండదు, కింద పరుపులు ఉంటాయి. అంతకు ముందు కంటపడని చిక్కుముడిని ఇచ్చి నాలుగైదు నిమిషాల్లో విప్పమంటారు. ఎన్నిసార్లు పడినా మళ్లీ ఎక్కొచ్చు. లీడ్‌లో తాడు కట్టుకుని ఎత్తైన గోడ ఎక్కాలి, దానికి ఒక్కటే అవకాశం, చెయ్యి జారితే అక్కడితో సరి. ఈ మూడింటికీ కావలసిన ఒళ్లు వేరు, బుర్ర వేరు. మూడూ కలిపి ఒకే పతకం అనేసరికి క్లైంబర్లు చాలామంది బాహాటంగానే గొణిగారు.

మార్కులు వేసిన తీరు ఇంకా విచిత్రం. మూడు స్థానాలనూ కూడరు, గుణిస్తారు. అంకె ఎంత తక్కువైతే అంత మంచిది. ఫైనల్లో ఎనిమిది మంది. స్లొవేనియా అమ్మాయి యాన్యా గార్న్‌బ్రెట్ స్పీడ్‌లో 5, మిగతా రెంటిలో 1, 1. గుణిస్తే 5, బంగారం. జపాన్‌కే చెందిన మిహో నొనాకా 3, 3, 5. గుణిస్తే 45, వెండి. నొగుచి 4, 4, 4. గుణిస్తే 64. ఇక్కడే అసలు మెలిక ఉంది. పోలండ్ నుంచి వచ్చిన అలెక్సాండ్రా మిరోస్వావ్ స్పీడ్ ఒక్కటే ఆడే మనిషి. ఆ రోజు 6.84 సెకన్లలో గోడెక్కి ప్రపంచ రికార్డు కొట్టింది. మిగతా రెంటిలో ఆఖరి స్థానం. 1, 8, 8. గుణిస్తే అదీ 64!

ఒకే విభాగంలో ప్రపంచంలోనే మొదటి మనిషి, ఏ విభాగంలోనూ మొదటి మూడులో లేని మనిషి, ఇద్దరూ ఒకే అంకె దగ్గర ఆగారు. అప్పుడు నియమం ఏం చెబుతుందంటే, ఇద్దరిలో ఎవరు ఎక్కువ విభాగాల్లో రెండోవాళ్ల కంటే ముందున్నారో చూడమంటుంది. బౌల్డరింగ్‌లో, లీడ్‌లో నొగుచి ముందుంది. రెండుకి ఒకటి. కంచు నొగుచిది.

దీన్ని అదృష్టం అనేవాళ్లున్నారు. కొంచెం ఆగి చూడండి. ఎనిమిది మంది స్పీడ్ ఫైనల్ అంటే జంటలుగా నాకౌట్. నాలుగో స్థానం రావాలంటే మొదటి రేసు గెలిచి తర్వాత రెండు ఓడాలి. నొగుచి అదే చేసింది, మూడో స్థానం కోసం ఆడిన రేసు తన సొంత జట్టు నొనాకాతోనే. ఆ మొదటి రేసు ఓడిపోయి ఉంటే? స్పీడ్‌లో ఐదు, అంతకన్నా కింద. ఐదు అనుకున్నా 5×4×4 అంటే 80. కంచు మిరోస్వావ్‌కి పోయేది. అంటే నొగుచి పతకాన్ని నిలబెట్టిన వాటిలో తాను ఆఖరున నేర్చుకున్న విద్యలో గెలిచిన ఒకే ఒక్క రేసు ఉంది. అప్పటికి ఆవిడకి 32 ఏళ్లు. స్పీడ్ గోడ జోలికి వెళ్లిందే ఒలింపిక్స్‌లో మూడూ కలిపి పెడతారని తెలిశాక, ముప్పై దగ్గర పడుతుండగా.

ఇంకోటి. కొరియా పిల్ల సో ఛే-హ్యొన్ లీడ్‌లో రెండోది. ఆమె అంకెలు 8, 7, 2. గుణిస్తే 112, ఆఖరి స్థానం. అదే లీడ్‌లో ఆమె మొదటి స్థానంలో నిలిచి ఉంటే 8×7×1, 56. అప్పుడు కంచు ఆమెది, నొగుచి నాలుగు. సోను దాటి పైకెళ్లింది గార్న్‌బ్రెట్. అలా చూస్తే నొగుచి కంచు పతకంలో గార్న్‌బ్రెట్ చెయ్యి కూడా ఉంది. ఈ గుణకారం పద్ధతి మంచిదని నేననను, అందులో ఒకరి గతి ఇంకొకరి చేతుల్లో పడుతుంది. కానీ ఆ పద్ధతి ఒక సంగతి బయటపెట్టింది. మూడు వేర్వేరు పరీక్షలు పెడితే ఎక్కడా తడబడకుండా నిలబడటం ఎంత కష్టమో ఆ ఫైనల్ అంకెలు చూస్తే తెలుస్తుంది. ఎనిమిది మందిలో ఏడుగురికి మూడు అంకెల్లో ఏదో ఒకటి ఐదో అంతకన్నా కిందో ఉంది. గార్న్‌బ్రెట్‌కీ స్పీడ్‌లో ఐదే. ఐదో అంతకన్నా కిందో లేనిది నొగుచికి ఒక్కదానికే.

ఇప్పుడు వెనక్కి వెళ్దాం. 1989 మేలో ర్యూగసాకిలో పుట్టింది. టోక్యోకి ఈశాన్యంగా ఉండే చిన్న ఊరు. ఊళ్లోకి వెళ్లే రైలు మార్గం నాలుగున్నర కిలోమీటర్లు, ఎక్కి కూర్చునేలోపు దిగాలి. స్టేషన్ బయట బంగాళాదుంప కొరొక్కె అమ్ముతారు, ఆ ఊరు దానికే పేరుపడింది. మన ఆలూ బోండాకి దూరపు చుట్టం అనుకోండి, వేడిగా ఉంటేనే తినాలి. నొగుచి వాళ్ల నాన్నది పశువుల పెంపకం. ఆ చెట్లు, పాకలు, కంచెలు ఎక్కుతూ పెరిగిన పిల్ల.

పదకొండేళ్లప్పుడు కుటుంబమంతా సెలవులకి గ్వామ్ దీవికి వెళ్లారు. అక్కడ ఒక గేమ్ సెంటర్‌లో క్లైంబింగ్ గోడ ఉంది. సరదాగా ఎక్కింది, దిగబుద్ధి కాలేదు. అందరూ చెప్పేది ఇంతవరకే. నాకు ముఖ్యమనిపించేది దాని తర్వాతది. ఇంటికొచ్చాక వాళ్ల నాన్న వాడకుండా ఉన్న పశువుల కొట్టంలో గోడ కట్టించాడు. గొప్ప గోడ కాదు. ప్లైవుడ్ పలకలు, వాటి మీద పట్టుకోవడానికి రెసిన్ ముక్కలు. కానీ ఇంట్లోనే ఉంది కాబట్టి బడి నుంచి రాగానే ఎక్కొచ్చు, అన్నం తిన్నాక ఎక్కొచ్చు, వానొచ్చినా ఎక్కొచ్చు. మొదలుపెట్టిన ఏడాదికే, ఆరో తరగతిలో ఉండగా, తనకంటే పెద్ద పిల్లలున్న జాతీయ యూత్ పోటీలో గెలిచింది. ప్రతిభ ఉందనుకోండి. కానీ ప్రతిభకి రోజూ మూడుపూటలా తిండి పెట్టింది ఆ కొట్టం.

2005లో జర్మనీలోని మ్యూనిక్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్. పెద్దవాళ్ల పోటీల్లో ఆడటానికి ఆ ఏడు పదహారు నిండాలి, ఆవిడకి అప్పుడే నిండాయి. మొదటి అడుగులోనే లీడ్‌లో కంచు. తర్వాత బౌల్డరింగ్ వైపు మళ్లింది. 2008లో మాంట్రియల్‌లో బౌల్డరింగ్ ప్రపంచకప్ పోటీ గెలిచింది. జపాన్ ఆడవాళ్లలో ఆ ఘనత సాధించిన మొదటి మనిషి. అక్కడి నుంచి పదేళ్లలో అలాంటి గెలుపులు మొత్తం 21. ఏడాది పొడవునా జరిగే పోటీలన్నీ కలిపి ఇచ్చే ఓవరాల్ టైటిల్ 2009, 2010, 2014, 2015లో నాలుగుసార్లు. ఇక దేశం లోపల జరిగే బౌల్డరింగ్ జపాన్ కప్‌లో మొదలైన ఏడాది నుంచి వరసగా తొమ్మిదిసార్లు ఆవిడే. ఆ తొమ్మిదిసార్లూ మిగతావాళ్లు రెండో స్థానం కోసం ఆడారన్నమాట.

మరి ప్రపంచ చాంపియన్‌షిప్ బంగారం? అది రాలేదు. 2014లో వెండి, 2016లో కంచు, 2018లో వెండి, 2019లో బౌల్డరింగ్‌లో వెండి, మూడూ కలిపి ఆడే కంబైన్డ్‌లో కూడా వెండి. 2018లో అయితే ప్రపంచకప్‌లో మూడు పోటీలు గెలిచి కూడా ఓవరాల్ టైటిల్ ఆఖరి పోటీలో నొనాకాకి వదిలేయాల్సి వచ్చింది. మీరు "ఒక్కసారి కూడా కాలేదు కదా" అన్నది నిజమే. కానీ ఆ వరస ఇంకోసారి చదవండి. గెలిచినవాళ్లు మారుతూ వచ్చారు. 2014లో జర్మనీ అమ్మాయి, 2016లో స్విట్జర్లాండ్ అమ్మాయి, తర్వాత గార్న్‌బ్రెట్. పోడియం మీద మారనిది నొగుచి. ఒకే రోజు ఒకే ఫైనల్లో నాలుగు రూట్ల మీద తేలిపోయే ప్రపంచ చాంపియన్‌షిప్ కంటే, ఏడాది పొడవునా అయిదారు దేశాలు తిరిగి తెచ్చుకునే ఓవరాల్ టైటిల్‌నే నేను ఎక్కువ లెక్కలోకి తీసుకుంటాను. ఒప్పుకోనివాళ్లు చాలామంది ఉన్నారు, నా స్నేహితుల్లోనే ఉన్నారు.

ఇంకో సంగతి మర్చిపోకూడదు. గార్న్‌బ్రెట్ 1999లో పుట్టింది. నొగుచి కంటే దాదాపు పదేళ్లు చిన్నది. 2019లో ఆ పిల్ల బౌల్డరింగ్ ప్రపంచకప్ పోటీలు ఆరింటికి ఆరూ గెలిచేసింది. చరిత్రలో ఎవరూ చేయని పని. ఆ ఏడు ఓవరాల్‌లో రెండో స్థానం ముప్పై ఏళ్ల నొగుచిది. సచిన్‌తో ఒకే కాలంలో ఆడిన బ్యాట్స్‌మన్‌ని సచిన్ కాలేదని తీసిపారేస్తామా?

అదే 2019 ఆగస్టులో ప్రపంచ చాంపియన్‌షిప్ జపాన్‌లోనే, టోక్యో పక్కన హచియోజిలో జరిగింది. ఒలింపిక్స్ టికెట్ కూడా అక్కడే. సొంతగడ్డ, సొంత జనం, పక్కన సొంత జట్టులోనే కత్తుల్లాంటి పిల్లలు. అందులో ఒకమ్మాయి ఐ మొరి, పదిహేనేళ్లది, అదీ ఇబరాకి పిల్లే, ఆ పోటీల్లోనే లీడ్‌లో కంచు కొట్టింది. ఆ టెన్షన్‌లో నొగుచి కంబైన్డ్‌లో రెండో స్థానం తెచ్చుకుని టికెట్ ఖాయం చేసుకుంది. రెండో బెర్తు ఎవరికన్నదాని మీద జపాన్ సంఘానికీ అంతర్జాతీయ సంఘానికీ తగువు నడిచి అంతర్జాతీయ క్రీడా కోర్టు దాకా వెళ్లింది. చివరికి అది నొనాకాకి దక్కింది. ఆ గొడవలో నొగుచి పేరు లేదు, ఎందుకంటే ఆవిడ దాన్ని గోడ మీదే తేల్చేసుకుంది.

టోక్యో తన ఆఖరి పోటీ అని ముందే చెప్పేసింది. చెప్పాక ఒలింపిక్స్ ఏడాది వాయిదా పడింది. ముప్పై దాటిన వేళ్లకి, భుజాలకి ఒక ఏడాది అంటే మాటలు కాదు. 2021 ఆగస్టు 6 సాయంత్రం టోక్యోలోని అఓమిలో ఫైనల్. ప్రేక్షకులు లేరు. బౌల్డరింగ్‌లో మూడు రూట్లు ఇచ్చారు, గార్న్‌బ్రెట్ తప్ప ఎవరూ ఒక్కదాని పైదాకా వెళ్లలేకపోయారు. మిగతావాళ్లంతా మధ్యలో ఉండే జోన్ అనే పట్టుని పట్టుకోవడం, పట్టుకోవడానికి ఎన్ని ప్రయత్నాలు పట్టాయన్నదాని మీదే విడిపోయారు. అలాంటి చోట నాలుగో స్థానం వచ్చిందంటే అందని రూట్ మీద కూడా ఎంత దక్కుతుందో అంత లెక్కగా పిండుకోవడమే. లీడ్ అయ్యాక ఆవిడ కెరీర్ ముగిసింది, మెడలో పతకంతో. అదే ఏడాది చివర్లో తొమోఅ నరసాకిని పెళ్లి చేసుకుంది. ఈ నరసాకి కూడా ఆ ఒలింపిక్స్‌లో ఉన్నాడు, మగవాళ్లలో 2, 3, 6 అంటే 36. కంచు గెలిచిన ఆస్ట్రియా క్లైంబర్‌కి 35. ఒక్క అంకెతో పోయింది. భార్యకి సమానమైన అంకె మీద వచ్చింది, భర్తకి ఒక్క అంకెతో చేజారింది. ఆ ఇంట్లో గుణకారం గురించి మాట్లాడుకుంటారో లేదో మరి.

రెండో ప్రశ్నకి మిగతా సగం జవాబు జిమ్‌లో ఉంది. జపాన్‌లో నేను మొదటిసారి జిమ్‌కి వెళ్లినప్పుడు గోడ చూసి కళ్లు తిరిగాయి. మన దగ్గర సాధారణంగా ఒక రూట్ మొత్తం ఒకే రంగు హోల్డ్‌లతో, అంటే పట్టుకునే ముక్కలతో, కడతాం. నీలం రూట్ అంటే నీలం ముక్కలు పట్టుకుంటూ పోవడమే. అక్కడ పాతకాలపు జిమ్‌లలో అలా కాదు. ఒకే గోడ మీద అన్ని రంగుల హోల్డ్‌లు దగ్గరదగ్గరగా బిగించేస్తారు, ఒక్కో హోల్డ్ పక్కన వేలెడంత టేప్ ముక్క అంటిస్తారు. ఆ టేప్ రంగు, ఆకారం బట్టి ఏ రూట్‌కి చెందిందో వెతుక్కోవాలి. ఒకే హోల్డ్ పక్కన నాలుగైదు టేపులు ఉంటాయి. ఎక్కే ముందు పరుపు మీద నిలబడి, చేతులు గాల్లో ఆడిస్తూ, ఇక్కడ కుడి చెయ్యి, అక్కడ ఎడమ కాలు అని మనసులో ఒకసారి ఎక్కేయాలి. లేకపోతే సగంలో వేలాడుతూ తర్వాతి టేప్ కోసం వెతుక్కుంటాం, ఈలోగా చేతులు బిగుసుకుపోతాయి. కష్టాన్ని బట్టి మెట్లుంటాయి, పదో క్యూ నుంచి ఒకటో క్యూ దాకా, ఆపైన దాన్‌లు, అచ్చం జూడో బెల్టుల్లాగ. పక్కన ఎవరెక్కుతున్నా జిమ్ అంతా "గంబా, గంబా", అంటే పట్టు వదలకు అని, అరుస్తుంది. ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా. మొదట్లో సిగ్గేసేది, తర్వాత నేనే అందరికంటే గట్టిగా అరిచేవాణ్ణి.

అలాంటి జిమ్‌లు ఆ దేశంలో వందలున్నాయి. ఆఫీసు నుంచి టై విప్పుకుంటూ వచ్చేవాళ్లుంటారు, బడి సంచీతో వచ్చేవాళ్లుంటారు. దీనికి పునాది వేసినవాళ్లు ముందే ఉన్నారు. యూజీ హిరయామా 1998లోనూ 2000లోనూ లీడ్ ప్రపంచకప్ ఓవరాల్ గెలిచాడు. కానీ ఆడపిల్లలకి, ముఖ్యంగా బౌల్డరింగ్‌లో, ఎదురుగా కనిపించిన మొదటి మనిషి నొగుచి. 2014లో బౌల్డరింగ్‌లో జట్టు ర్యాంకుల్లో జపాన్ మొదటి స్థానానికి చేరింది. అదే ఏడాది ఆవిడ మళ్లీ ఓవరాల్ గెలవడం కాకతాళీయం అని నేననుకోను. మిహో నొనాకా, ఐ మొరి, ఇంకా తర్వాతి పిల్లలంతా ఆవిడని ఓడించాలని మొదలుపెట్టినవాళ్లే. ఒకరినొకరు ఓడించుకుంటూ ఒక్క జట్టులోంచే అరడజను మంది ఫైనల్ స్థాయికొచ్చారు. నెత్తిన పెట్టుకోవడానికి ఇది చాలదా?

ఐ మొరి పేరు వచ్చింది కాబట్టి కొంచెం పక్కకి వెళ్తాను, మీ అమ్మాయికి పనికొస్తుంది. ఆ పిల్ల 2023లో బెర్న్‌లో లీడ్ ప్రపంచ చాంపియన్ అయింది, నొగుచికి దక్కని బంగారం. 2024 పారిస్ ఒలింపిక్స్ వచ్చేసరికి పద్ధతి మారింది, స్పీడ్ విడిపోయింది, బౌల్డరింగ్, లీడ్ కలిపి ఒకటయ్యాయి. లీడ్‌లో అందరికంటే ఎక్కువ మార్కులు మొరివే. కానీ బౌల్డరింగ్ మొదటి రూట్‌లో ఎగిరి పట్టుకోవాల్సిన మొదటి హోల్డ్ ఆమెకి అందలేదు. మొరి ఎత్తు 154 సెంటీమీటర్లు. ఎగిరింది, జారింది, మళ్లీ ఎగిరింది. ఆ రూట్‌కి సున్నా. మొత్తం మీద నాలుగో స్థానం. రూట్ కట్టినవాళ్ల మీద ప్రపంచమంతా విరుచుకుపడింది. రూట్లు కట్టేవాడిగా నా మాట: పొట్టివాళ్లకీ పొడుగువాళ్లకీ ఇద్దరికీ అడ్డంకి ఉండాలి, తప్పులేదు, కానీ మొదటి అడుగులోనే తలుపు మూసేయడం మాత్రం మంచి పని కాదు. రెండో అడుగులో మూసినా కనీసం ఆ పిల్ల ఏం చేయగలదో చూసేవాళ్లం.

ఇప్పుడు మీ అమ్మాయి. నొగుచి మొదటిసారి గోడ ముట్టుకున్నది పదకొండేళ్లకే కాబట్టి వయసు గురించి బెంగ అక్కర్లేదు. మీరు భయపడాల్సింది తొందర గురించి. పదకొండు నుంచి పదహారు దాకా వేళ్ల ఎముకల చివర్లు ఇంకా గట్టిపడవు, అక్కడ పెరిగే పొర ఉంటుంది. బరువంతా వేళ్ల చివర మీద వేసి చిన్న అంచుల్ని పదేపదే పట్టుకుంటే ఆ పొర చిట్లుతుంది. పెద్దవాళ్లకైతే స్నాయువు పోతుంది. నాకు ముప్పై నాలుగేళ్లప్పుడు ఉంగరపు వేలిలో "టప్" మని శబ్దం వినిపించి మరీ పోయింది. పిల్లలకి శబ్దం ఉండదు, వేలి మధ్య కణుపు దగ్గర సన్నటి నొప్పి వస్తుంది, అంతే. నా దగ్గర నేర్చుకున్న పద్నాలుగేళ్ల కుర్రాడు ఒకడు అలాగే నొప్పంటే, మొదట్లో ఉంటుందిలేరా అని టేప్ చుట్టి పంపాను. మూడు వారాల తర్వాత ఎక్స్‌రే తీస్తే ఎముక చివర చీలిక. నాలుగు నెలలు గోడ ముట్టలేదు వాడు. ఆ తప్పు నాదే. అప్పటి నుంచి వేలి కణుపు నొప్పి అని పిల్లలెవరైనా అంటే ఆ రోజుకి గోడ దిగమంటాను, ముందు ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లమంటాను. పుల్లల మెట్లలాంటి క్యాంపస్ బోర్డు, వేళ్లతో వేలాడే చెక్కలు పదహారు దాటేదాకా ముట్టనివ్వకండి. కోచ్ ఎవరైనా పదకొండేళ్ల పిల్లని వాటికి వేలాడదీస్తే ఇంకో జిమ్ చూసుకోండి.

తిండి విషయం కూడా. బరువు తగ్గితే పైకి తేలిగ్గా పోవచ్చన్న మాట ఈ ఆటలో చాలాకాలంగా ఉంది, చాలామంది అమ్మాయిల ఎముకలు, నెలసరి పాడుచేసింది. ఇంట్లో ఆ మాట రానివ్వకండి. పెరిగే వయసులో కడుపునిండా తిననివ్వండి, బరువు లెక్కలు మాకూ వద్దు, మీకూ వద్దు.

బూట్లు ఇప్పుడే కొనకండి, జిమ్‌లో అద్దెవి చాలు. పాదం ఏడాదికో సైజు పెరుగుతుంది. కాలివేళ్లు మడతపడేంత బిగుతువి తొడిగించే అలవాటు పెద్దవాళ్లది, పిల్లలకి వద్దు. వారానికి రెండు రోజులు, మహా అయితే మూడు. మిగతా రోజులు చెట్లెక్కనివ్వండి, ఈత కొట్టనివ్వండి. మీరు హైదరాబాద్‌లోనే ఉన్నారు కాబట్టి చలికాలంలో బండల మీదకి తీసుకెళ్లండి. భువనగిరి కొండ మీద నేర్పేవాళ్లున్నారు. మన గ్రానైట్ మీద పట్టుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు, పాదం అడుగునే నమ్మాలి. ఆ నమ్మకం ప్లాస్టిక్ గోడ మీద అంత తొందరగా రాదు.

పాదాల గురించి ఇంకొంచెం చెబుతాను, ఎందుకంటే నొగుచిని అర్థం చేసుకోవడానికి అదే దారి. మనవాళ్లు క్లైంబింగ్ చూసి ఉడుంపట్టు అంటారు. గట్టిగా పట్టుకున్నవాడే గెలుస్తాడనుకుంటారు. 2016లో నవీ ముంబైలో బౌల్డరింగ్ ప్రపంచకప్ జరిగింది, ఒక రాత్రి రైలు ప్రయాణం చేసి వెళ్లి చూశాను. జపాన్ జట్టుని దగ్గర నుంచి చూశాక నాకు తెలిసింది వాళ్లు ఎంత గట్టిగా పట్టుకుంటారన్నది కాదు, ఎంత వదులుగా పట్టుకుంటారన్నది. అవసరమైనంత, అంతకన్నా ఒక పిసరు ఎక్కువ కాదు. అది సాధ్యమయ్యేది బరువు కాళ్ల మీద ఉంటేనే. ఎక్కే ముందు బ్రష్‌తో హోల్డ్ మీది చాక్‌పొడి దులపడంలో కూడా వాళ్లకి ఒక పద్ధతి, ఓపిక. మన కుర్రాళ్లు ఎగిరి పట్టుకోవడం మొదలుపెట్టేసరికి వాళ్లు ఇంకా బూటు ముందుభాగం చేత్తో తుడుచుకుంటూ ఉండేవాళ్లు.

ఇంకో సౌకర్యం కూడా ఉంది మీ అమ్మాయి కాలానికి. 2028 లాస్ ఏంజెలెస్‌లో బౌల్డరింగ్, లీడ్, స్పీడ్ మూడింటికీ వేర్వేరు పతకాలు. నొగుచిలాగ ముప్పై ఏళ్లకి కొత్త ఆట నేర్చుకోవాల్సిన పని ఇప్పటివాళ్లకి లేదు. మొదటి రెండేళ్లు మాత్రం ఏది ఎంచుకోవాలో అడక్కండి, అన్నీ ఎక్కనివ్వండి, తనకే తెలుస్తుంది.

ఒక పని చేయండి. టోక్యో ఆడవాళ్ల లీడ్ ఫైనల్ వీడియో దొరుకుతుంది. అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని నొగుచి వంతు రెండుసార్లు చూడండి. మొదటిసారి మామూలుగా. రెండోసారి సౌండ్ తీసేసి, స్క్రీన్ పైసగం మీద అట్టముక్క అడ్డం పెట్టి, కాళ్లు మాత్రమే. ఒక పాదం హోల్డ్ మీద పెట్టాక దాన్ని మళ్లీ ఎన్నిసార్లు సర్దుకుందో లెక్కపెట్టమనండి. తర్వాత జిమ్‌లో తను ఎక్కుతున్నప్పుడు మీరు లెక్కపెట్టండి. ఆ రెండు అంకెలూ ఇక్కడ రాస్తే, మొదటి నెల ఏం నేర్పించాలో చెబుతాను.